మణికట్టు సొరంగం గారికి ఒక టైలరమ్మ లేఖ

సొరంగం గారూ,

మా నల్గొండలో సొరంగం అంటే అందరికీ గుర్తొచ్చేది కృష్ణా నీళ్లు తేవాల్సిన ఎస్సెల్బీసీయే (శ్రీశైలం ఎడమగట్టు కాల్వ సొరంగం). దాదాపు 44 కిలోమీటర్లు, ఏళ్లు గడిచినా పూర్తి కాలేదు. (2025 ఫిబ్రవరిలో అందులో 8 మంది చిక్కుకుపోయారు, దాని మీద జోకులొద్దు.) డాక్టర్లు కార్పల్ టన్నెల్ అని పిలిచే మీరేమో అంగుళం అటూ ఇటూ. టెండర్ లేదు, శంకుస్థాపన లేదు, నేను పుట్టేసరికే అరచేతి మొదట్లో రెడీ!

నకిరేకల్ ఆటోలో కుక్కినట్టు మీ లోపల 9 స్నాయువులు (కండను ఎముకకు కట్టే తాళ్లు), ఒక మీడియన్ నరం. చోటు తగ్గితే నలిగేది ఆ నరమే. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరపు వేలు సగం దాని ఖాతావే. చిటికెన వేలి నరం వేరే దారిన పోతుంది, అందుకే అది హాయిగా నిద్రపోతుంది.

నాకే నిద్ర లేదు. రాత్రి 2 గంటలకు లేచి థర్మామీటర్ జాడించినట్టు చేయి జాడిస్తుంటే, మా ఆయన "ఎవ్వరికి టాటా చెప్తున్నవే?" అంటాడు. బతుకమ్మ జాకెట్లకు హుక్కులు కుడుతుంటే సూది వేళ్ల మధ్య ఉందో జారిందో కళ్లతో చూస్తేనే తెలిసేది. పడ్డ హుక్కులను అయస్కాంతంతో ఏరాను.

పక్కింటామె గాలి పట్టిందని బామ్ రాసింది. ఇంకొకరు మెడ అరిగిందన్నారు. మూడు నెలలు మెడకు పట్టీ కట్టుకుని తిరిగాను, మీరు లోపల ఎంత నవ్వుకున్నారో!

చివరికొక డాక్టరమ్మ రెండు చేతుల వెనక వైపులు ఆనించి, వేళ్లు కిందికి పెట్టి ఒక నిమిషం ఉండమంది. తలకిందుల నమస్కారం అన్నమాట. నిమిషం పట్టలేదు, తిమ్మిరి దిగింది. తర్వాత నరాలకు కరెంటు పరీక్ష. షుగరు, థైరాయిడ్ కూడా చూశారు, అవి ఉన్నవాళ్ల దగ్గర మీ ఆటలు ఎక్కువట. నాకు థైరాయిడ్ తేలింది. మాత్ర మొదలైంది.

ఇప్పుడు రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ. కొన్ని వారాలు చూసి, తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్. అదీ పని చేయకపోతే మీ పైకప్పుగా ఉన్న బిగుతు పట్టీని కోసేస్తారు. బొటనవేలి కింద కండ కరిగేదాకా ఆగొద్దని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఇందులో నాకు టెన్షన్ ఏముంది? జాకెట్టు బిగుతైతే పక్క కుట్టు విప్పడం నా రోజువారీ పనే కదా.

రాత్రి రెండింటికి వస్తే రండి, పట్టీ వేసుకునే పడుకుంటాను.

ఇట్లు,
మీ కుడిచేతి ఓనరు,
గడియారం సెంటర్, నల్గొండ