కార్డు కొనే ముందు లేన్ల లెక్క

సొంతంగా గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేసుకునేవారిలో ఎక్కువమంది మొదట గ్రాఫిక్స్ కార్డును ఖాయం చేసుకుని, మిగతా భాగాల సంగతి ఆ తరువాత ఆలోచిస్తారు. బడ్జెట్‌లో సింహభాగం ఆ కార్డుకే పోతుంది కాబట్టి అందులో తప్పేమీ లేదు. అయితే ఆ కార్డు కూర్చునే స్లాట్‌కు నిజంగా ఎన్ని లేన్లు (డేటా వచ్చిపోయే దారులు) ఉన్నాయి, అది కూర్చున్నాక పక్కన మరో కార్డుకు చోటు మిగులుతుందా అన్న ప్రశ్నలు చాలామందికి బిల్లు కట్టేశాకే గుర్తుకొస్తాయి.

కార్డులను కంప్యూటర్‌కు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం మూడో తరంలో 16 లేన్ల స్లాట్ ఒక్కో దిశలో సెకనుకు సుమారు 16 జీబీల డేటాను మోయగలదు. నాలుగో తరంలో అది 32కు, అయిదో తరంలో 64కు చేరింది. కానీ మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లు గ్రాఫిక్స్ కోసం నేరుగా ఇచ్చేవి సాధారణంగా 16 లేన్లే. అందుకే మదర్‌బోర్డు మీద పొడవాటి స్లాట్లు రెండు మూడు కనిపించినా, మొదటిది మాత్రమే పూర్తి స్థాయిదై, మిగతావి చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్) ద్వారా నాలుగు లేన్లతో సరిపెట్టుకోవడం మామూలే. టార్చి వేసి స్లాట్ లోపలికి చూస్తే చాలా బోర్డుల్లో ఈ సంగతి కంటికే తెలిసిపోతుంది: బంగారు రంగు పిన్నులు కొంత దూరం వరకే ఉండి, ఆపైన ఖాళీ ప్లాస్టిక్ గాడి మిగిలి ఉంటుంది.

ఈ లెక్క పట్టించుకోకపోతే ఏమవుతుందో 2022 జనవరిలో వచ్చిన ఏఎండీ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ గ్రాఫిక్స్ కార్డు చూపించింది. దానిలో ఉన్నది 4 జీబీల మెమరీ, నాలుగో తరపు లేన్లు నాలుగే. గేమ్‌కు ఆ మెమరీ చాలనప్పుడు మిగతా డేటాను కంప్యూటర్ ర్యామ్ నుంచి ఆ నాలుగు లేన్ల మీదుగానే తెచ్చుకోవాలి. మూడో తరం బోర్డులో పెడితే ఆ ఇరుకు దారి వేగం కూడా సగానికి పడిపోయి, కొన్ని గేముల్లో ఫ్రేములు బాగా తగ్గాయి. తక్కువ ధర కార్డు కోసం చూసేవారి దగ్గరే పాత బోర్డులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి, దెబ్బ తగిలింది సరిగ్గా ఆ కార్డు అవసరమైనవారికే. లేన్ల సంఖ్యను స్పెసిఫికేషన్ల పట్టికలో ఓ మూలన కాకుండా, మెమరీ సైజుతో పాటు పెట్టె మీదే పెద్ద అక్షరాలతో ముద్రించాలని తయారీదారులను గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది.

మెమరీ విషయంలో కొలబద్ద మానిటరే. 1080పీ తెరకు సరిపోయిన 8 జీబీలు 1440పీకి, అందులోనూ రే ట్రేసింగ్ (కాంతి పడే తీరును లెక్కగట్టి చూపే పద్ధతి) ఆన్ చేస్తే, కొత్త గేముల్లో చాలకపోవచ్చు. ఆ కొరత సగటు ఫ్రేముల అంకెలో అన్నిసార్లూ కనబడదు. గోడల మీది టెక్స్చర్లు మసకగా నిలిచిపోవడంలో, మలుపు తిరిగిన క్షణంలో తెర ఒక్కసారి తడబడటంలో తెలుస్తుంది. కొన్నేళ్లు వాడుకోవాలనుకునేవారు ఒక మెట్టు తక్కువ చిప్ తీసుకున్నా సరే, మెమరీ దగ్గర రాజీ పడకపోవడమే మేలని నా అభిప్రాయం.

కరెంటు లెక్క కూడా ముందే చూసుకోవాలి. స్లాట్ నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు, ఒక్కో ఎనిమిది పిన్నుల కనెక్టర్ నుంచి 150. కొత్త తరహా పదహారు పిన్నుల కనెక్టర్ ఒక్కటే 600 వాట్ల వరకు ఇవ్వగలదు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర ఈ కనెక్టర్లు కరిగిన ఘటనలు బయటపడ్డాక, దాన్ని చివరిదాకా నొక్కి పెట్టడం, కనెక్టర్ మొదట్లోనే వైరును మడవకపోవడం తప్పనిసరి జాగ్రత్తలయ్యాయి.

మిగతా కార్డుల అవసరం చాలా తగ్గిపోయింది. 2007లో విండోస్ విస్టా, గేములు ధ్వని కోసం వాడే డైరెక్ట్‌సౌండ్ అనే విండోస్ భాగానికి హార్డ్‌వేర్ సాయాన్ని తీసేయడంతో గేముల్లో సౌండ్ కార్డుకున్న ప్రత్యేకత పోయింది. హెడ్‌ఫోన్లలో గరగర వినిపిస్తుంటే యూఎస్‌బీ డీఏసీ (డిజిటల్ ధ్వనిని హెడ్‌ఫోన్ సంకేతంగా మార్చే చిన్న పరికరం) చాలు. వై-ఫై చాలా బోర్డుల్లోనే ఉంటోంది. క్యాప్చర్ కార్డు (బయటి పరికరం నుంచి వచ్చే వీడియోను కంప్యూటర్‌లోకి తీసుకునేది) మాత్రం స్ట్రీమింగ్ చేసేవారికి నిజంగా పనికొస్తుంది. కానీ మూడు స్లాట్ల మందమున్న గ్రాఫిక్స్ కార్డు పెడితే కింది స్లాట్లు మూసుకుపోతాయి కాబట్టి, బోర్డు ఎంచుకునేటప్పుడే దానికి చోటు చూసుకోవాలి.

అంతా బిగించాక, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో బస్ ఇంటర్‌ఫేస్ అన్న గడిని ఒకసారి చూడండి. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా కోసం వేగం తగ్గించుకుంటుంది కనుక, పక్కనున్న ప్రశ్నార్థకం గుర్తు నొక్కి, రెండర్ టెస్టు నడుస్తుండగా వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. పదహారు లేన్ల కార్డుకు అప్పుడూ ఎనిమిదే చూపిస్తుంటే, రెండో ఎస్ఎస్‌డీ పెట్టిన ఎం.2 స్లాట్ ఆ లేన్లను పంచుకుంటోందేమో బోర్డు మాన్యువల్‌లో చూడాలి. అదీ కాకపోతే కంప్యూటర్ ఆపి, కార్డు తీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టాలి.