వేడి సాంబారు కవరుకి జీఐ ట్యాగ్ ఇవ్వాల్సిందే

ఏటికొప్పాక లక్క బొమ్మలకి 2017లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా చోటి ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, చాలా సంతోషం. కానీ మన విశాఖలో రోజూ పొద్దున్నే ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా టిఫిన్ సెంటర్లలో మన కళ్ళముందే జరిగే ఇంకో హస్తకళని ఎవరూ పట్టించుకోట్లేదు. పొగలు కక్కే సాంబారుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో గరిటెతో పోసి, గిర్రున తిప్పి, మూతికి రబ్బరు బ్యాండు బిగించి, చుక్క కారకుండా మన చేతిలో పెడతాడు చూడండి, అది చెయ్యి తిరిగినోడికి తప్ప రాదు.

దీనెనకాల సైన్సు కూడా ఉందండోయ్. ప్లాస్టిక్‌లో ఉండే కెమికల్స్ తిండిలోకి బాగా దిగాలంటే వేడి ఉండాలి, నూనె ఉండాలి, పులుపు ఉంటే ఇంకా మంచిది. చల్లటి మంచినీళ్ళకి అంత సీను లేదు. మన సాంబారు చూస్తే సలసలా మరిగుంటుంది, పైన పోపు నూనె, లోపల చింతపండు, ఇంకేటి కావాలి! పైగా రీసైకిల్ కవరైతే అందులో ఏ పాత డబ్బా, ఏ పైపు కరిగి కలిసిందో కట్టేవాడికే తెలీదు, అందుకే అలాంటి కవర్లలో తిండి పెట్టకూడదని తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లోనే రూలు పెట్టింది. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా బంద్. అయినా మనోళ్ళు కౌంటర్ కింద నుంచి తీసి మరీ కళని బతికిస్తున్నారు.

ఆ పార్శిల్ పట్టుకెళ్ళే మనిషి భుజాన బ్యాగులో బీపీఏ ఫ్రీ బాటిల్ ఉంటుంది, ఎక్కువ రేటు పెట్టి కొన్నది, అందులో పోసేది ఫ్రిజ్ నీళ్ళు. బీపీఏ అంటే కొన్ని ప్లాస్టిక్‌ల తయారీలో వాడే కెమికల్, అది ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా వేషం కడుతుందని 1930ల్లోనే తెలుసు, సరే తీసేశారు, కొన్ని సరుకుల్లో దాని ప్లేసులో బీపీఎస్ అని తమ్ముణ్ణి కూర్చోబెట్టారు, వాడూ అన్న చేసే పనే చేస్తాడు. స్టిక్కర్ మాత్రం నిజమే చెప్తోంది, బీపీఏ లేదు కదా.

థర్మాకోల్ ప్లేటుది కూడా ఇందులో కలుపుదామనుకున్నా గానీ అది స్టైరీన్‌తో చేసేది. 2020 మే 7 తెల్లారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి గ్యాసై లీకైన ఆ స్టైరీన్ ఏం చేసిందో ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు, దాని మీద జోకెయ్యను.

ఇంట్లోంచి గిన్నె పట్టుకెళ్ళమనే చాదస్తులు కొందరున్నారు. పెళ్ళిలో పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు క్యారేజీలు ప్రతి ఇంటి అటక మీదా ఉన్నాయి, నిజమే, సాంబారుకి స్టీలేం చెయ్యదు, అదీ నిజమే. కానీ పరువు? విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని గొంతు చించుకున్న ఊళ్ళో స్టీలు గిన్నెతో వీధి చివరిదాకా నడవాలంటే జనానికి ఎక్కడలేని సిగ్గు ముంచుకొస్తుంది. (ఆ ఉక్కు వేరు, గిన్నె స్టీలు వేరు అని కామెంట్లు పెట్టకండి, తెలుసు.) పైగా గిన్నె చూడగానే కౌంటర్ అబ్బాయి "ఏటండీ, ఎంత పొయ్యాలో ఎలా తెలుస్తాది" అంటాడు. కవరైతే వాడి చేతికి కొలత తెలుసు, అదీ కళంటే.

అందుకే చెన్నైలో ఉన్న జీఐ ఆఫీసుకి అప్లికేషన్ రాసేశాను. శాంపిల్ కూడా పంపుదామని వేడి వేడి సాంబారు కవరు పట్టుకుని కొరియర్ వాడి దగ్గరికెళ్తే, లీకైతే మాకు సంబంధం లేదండి, ఏదైనా స్టీలు డబ్బాలో పోసి తీసుకురండి అన్నాడు.