ఎవరి తాలూకు?

మా అమ్మమ్మగారి ఊళ్లో మధ్యాహ్నం పూట ఒకతను సైకిలు మీద వచ్చేవాడు. వెనక క్యారియర్‌కి రెండు గోనెసంచులు. ఒకదాంట్లో ఉల్లిపాయలు, రెండోదాంట్లో పాత ఇనప సామాను. వీధి మొదట్లో అతని కేక వినబడగానే అమ్మమ్మ చేతిలో ముద్ద పట్టుకుని, "తింటావా, బూచాడికి పట్టించనా?" అనేది. గబగబా మింగేసేవాణ్ణి. ఆ రెండో సంచిలో పిల్లలుంటారని చాలా ఏళ్లు నమ్మాను. తీరా అతను మా గుమ్మం ముందు ఆగితే, చిల్లుపడిన మూకుడు తూకం వేయించి, ఇంకో రెండు ఉల్లిపాయల కోసం గీచి గీచి బేరమాడేది కూడా అమ్మమ్మే.

కొన్ని ఇళ్లల్లో బూచాడు బుడబుక్కలాయన, కొన్నింట్లో జోలె వేసుకున్న గోసాయి. పక్కింటి కరణంగారిని చూపించి ఆయనే బూచాడని ఎవరూ చెప్పరు, ఆయన ఎంత భయంకరంగా ఉన్నా సరే.

ముఖం తెలియని మనిషి ఎదురైతే మనం మొదట అడిగేది "మీదేవూరు?" అని. రెండోది "ఎవరి తాలూకు?" దానికి జవాబు ఉన్నవాడికి కుర్చీ, మంచినీళ్లు. లేనివాడి మీద ఒక కన్నేసి ఉంచుతాం. మన కథల్లో, సినిమాల్లో వచ్చే రాక్షసుల్నీ మాంత్రికుల్నీ వరసగా నిలబెట్టి చూడండి. కోరలూ గోళ్లూ తర్వాతి సంగతి. వాళ్లందరికీ లేనిది చుట్టరికం.

1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావు వేసింది నేపాళ మాంత్రికుడి వేషం. కథ జరిగేది ఉజ్జయినిలో. ఆ మాటకొస్తే ఉజ్జయిని కూడా మన ఊరేం కాదు, అయినా జానపద కథల పుణ్యమా అని అది మనదైపోయింది, నేపాళం మాత్రం పరాయిదిగానే మిగిలింది. బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడిని కొందరు మాయల మరాఠీ అంటారు, కొందరు మాయల ఫకీరు అంటారు. ఒకటి దండెత్తి వచ్చినవాళ్ల పేరు, ఇంకోటి భిక్షకు వచ్చే పరమతస్థుడి పేరు. బెంగాల్లో అయితే 1740ల్లో మీదపడి దోచుకున్న మరాఠా దండు పేరు ఇప్పటికీ జోలపాటలో ఉంది. ఏ కాలంలో ఊరు ఎవరికి తలుపులు వేసుకుందో తెలియాలంటే ఆ ఊరి బూచాడి పేరు అడిగితే చాలావరకు తెలిసిపోతుంది.

అయితే అదే రంగారావు, అదే దర్శకుడు కె.వి. రెడ్డి, అదే రచయిత పింగళి నాగేంద్రరావు 1957లో 'మాయాబజార్' తీశారు. ఇక్కడ రంగారావు ఘటోత్కచుడు. అచ్చమైన రాక్షసుడు, మాయలు తెలిసినవాడు. కానీ ప్రేక్షకుడు అతన్ని చూసి భయపడడు, పెళ్లివంటలన్నీ తనే ఊదేస్తుంటే సంబరపడతాడు. ఎందుకంటే అతను భీముడి కొడుకు. మనవాడు. శశిరేఖకు దిక్కుతోచనప్పుడు ఆమె క్షేమంగా ఉండేది రాక్షసుల ఇంట్లోనే.

ఆ సినిమాలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం అంతకుముందే వస్తుంది. సుభద్ర, అభిమన్యుడు రథం మీద అడవిలోకి వస్తారు. ఘటోత్కచుడి లెక్కలో వాళ్లు తన పొలిమేరలోకి చొరబడ్డ అపరిచితులు. యుద్ధానికి దిగుతాడు. వరస తెలిసిన మరుక్షణం ఆ రాక్షసుడు కాస్తా పినతల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. అతని కోరలు ఎక్కడికీ పోలేదు. మధ్యలో మారింది చుట్టరికం తెలియడం ఒక్కటే.

మనవాళ్లు, పరాయివాళ్లు అని చెప్పడానికి ఇవాళ పత్రికల్లో, రాజకీయ ఉపన్యాసాల్లో ధారాళంగా వాడే 'అసమదీయులు, తసమదీయులు' కూడా ఆ సినిమా నుంచి వచ్చినవే. 'అస్మదీయ' అనే సంస్కృత పదానికి పింగళి రాక్షసుల నోట ఒక జోడీ పుట్టించారు. జనాన్ని రెండు గుంపులు చెయ్యడానికి మనం రాక్షసభాష మాట్లాడుతున్నామన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

2015 నాటికి 'బాహుబలి'లో కాలకేయులొచ్చారు. నల్లరంగు పూసిన ఒళ్లు, వాళ్ల కోసమే తయారుచేసిన కిలికి భాష. మాయాబజార్ రాక్షసులు 'గింబళి', 'గిల్పం' అన్నా అది మన తెలుగుతో ఆడుకోవడమే, మనకు అర్థమవుతుంది. కిలికిని మాత్రం మన చెవికి కటకటమనే చప్పుడులా వినిపించాలనే కట్టారు. నవ్వించడానికి కూడా ఒక్క కాలకేయుడూ మిగలడు. యుద్ధం అద్భుతంగా తీశారు, కాదనను. కానీ నల్లగా ఉండి, అర్థంకాని భాష మాట్లాడేవాళ్లని గుంపులుగుంపులుగా నరుకుతుంటే హాలంతా ఈలలు వేస్తోంది, ఆ ఈలలు వేసేవాళ్లలో నేనూ ఉన్నాను.

తెర దిగితే ఇది సరదా వ్యవహారం కాదు. బ్రిటిషువాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేసి, ఎరుకలవారిని స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఆ చట్టం ప్రకారం నేరం చెయ్యక్కర్లేదు, ఆ కులంలో పుడితే చాలు. 1952లో చట్టం పోయింది. స్టువర్టుపురం పేరు మాత్రం సినిమా టైటిళ్లకు ఎక్కింది. 'పార్థీ గ్యాంగ్' అని పత్రికల్లో మనం హెడ్డింగులు పెడుతుంటాం. పార్థీ అన్నది ముఠా పేరు కాదు, ఒక తెగ పేరు. ఏ పెద్ద కులం పేరు పక్కనైనా 'గ్యాంగ్' అని రాసి డెస్కుకు పంపి చూడండి.

2018 వేసవిలో ఆ పార్థీ గ్యాంగే పిల్లల్ని ఎత్తుకుపోతోందని వాట్సాప్‌లో ఫార్వర్డులు తిరిగాయి. ఊళ్లల్లో రాత్రిళ్లు కర్రలతో కాపలా కాశారు. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ను మూక కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఐదుగురిని చంపేశారు. ఊరూరూ తిరిగి బిచ్చమెత్తుకునే సంచారజాతివాళ్లు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఒకసారికి ఐదు చాట్లకి పరిమితం చేసింది. బూచాడి కథ ఐదుగురికి చాలదా ఏమిటి?

బయటివాడు దొరకనప్పుడు ఊరు లోపలే వెతుక్కుంటుంది. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి చేస్తున్నారని మనుషుల్ని కొట్టారు, కాల్చారు. మంత్రం నోరు తిరగకూడదని పళ్లు పీకారు. నెపం పడేది ఎక్కువగా దన్నులేనివాళ్ల మీదే. 2023లో వచ్చిన 'విరూపాక్ష' క్షుద్రపూజల అనుమానంతో ఊరు ఒక జంటను సజీవంగా తగలబెట్టడంతోనే మొదలవుతుంది. జనం క్రూరత్వాన్ని దాచలేదు, బాగుంది. కానీ ఆ సినిమాలో మంత్రం నిజంగానే పారుతుంది. హాల్లోంచి బయటికొచ్చేవాడికి ఊరివాళ్లు మరీ అంత తప్పు చేశారా అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఇనప సామానతను ఒకసారి మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. ఎండకు మొహం పీక్కుపోయి ఉంది. అమ్మమ్మ చెంబు ఎత్తి పోస్తే దోసిలి పట్టి తాగాడు. తలుపు చాటున నేను. నన్ను చూసి, "మా చిన్నాడు కూడా ఇంతేనమ్మా, అన్నం పెడితే తినడు" అన్నాడు. వాడికి ఎవరిని చూపించి తినిపిస్తారో అడగాలని అప్పట్లో నాకు తోచలేదు.