ఖాళీల కాపలా

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌ను కాపాడుతున్నది ఏమిటని అడిగితే అమాయకులు లాక్‌లనీ, మెమరీ రక్షణనీ చెబుతారు. లైను చివర మిగిలిపోయిన ఒక్క ఖాళీని దూరం నుంచే పసిగట్టే కన్ను అసలు కాపలాదారు. నమ్మకపోతే లినక్స్‌లోకి రాబోతున్న ఏ ఐ2సి బస్ (చిప్‌లు మాట్లాడుకునే తీగల దారి) డ్రైవర్ రివ్యూ అయినా, అంటే ఆ కోడ్‌పై తోటివారి పరిశీలన అయినా, చదవండి.

ఐ2సి అంత పెద్ద విద్యేమీ కాదు. 1982లో ఫిలిప్స్ వాళ్లు తెచ్చారు. తీగలు రెండే, డేటాకొకటి, క్లాక్‌కొకటి. అడ్రసుకు ఏడు బిట్లు, అంటే 128 అడ్రసులు. వాటిలో 16 ముందే రిజర్వయిపోయాయి. రెండు తీగల వ్యవహారానికి వందల లైన్ల డ్రైవర్ ఎందుకన్న అనుమానం మామూలు మనిషికి రావచ్చు. రివ్యూ చేసేవారికి రాకూడదు. వస్తే లోపలేముందో చదవాల్సి వస్తుంది.

వారు చూడాల్సింది లైను పొడవు. పూర్వాచారం 80 అక్షరాలు. 2020లో కోడ్ శైలిని తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు తన హెచ్చరిక హద్దును 100కి జరిపింది. శైలి పత్రానికి మాత్రం ఇప్పటికీ 80 మీదే మక్కువ. అంటే 93 అక్షరాల లైను ఏకకాలంలో ఒప్పూ, తప్పూ. ఈ వేదాంతం తేలేసరికి ప్యాచ్, అంటే పంపిన కోడ్ మార్పు, అయిదో వెర్షన్‌కు చేరుతుంది. అది వృథా కాలయాపన అనేవాళ్లకు నాణ్యత విలువ తెలియదు.

ఇంతలో అదే ఫైల్లో పరికరాన్ని పనికి సిద్ధం చేసే ప్రోబ్ ఫంక్షన్ ముందుగా ఇంటరప్ట్ (పరికరం పిలుపు) అందుకునే హ్యాండ్లర్‌ను నమోదు చేస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా కంప్లీషన్‌ను, అంటే పని అయ్యిందని ఎదురుచూసేవారిని లేపే ఏర్పాటును, సిద్ధం చేస్తుంది. కెర్నెల్‌కు ముందు నడిచే బూట్‌లోడర్ వదిలేసి పోయిన ఇంటరప్ట్ ఒకటి సరిగ్గా ఆ రెండు లైన్ల మధ్య వచ్చిందనుకోండి. హ్యాండ్లర్ ఇంకా పుట్టని కంప్లీషన్‌ను లేపబోతుంది, కెర్నెల్ కూలుతుంది. కానీ రెండు లైన్లకూ ముందున్న ట్యాబ్‌లు చూడముచ్చటగా ఉన్నాయి. అభ్యంతరం లేదు.

టైమవుట్ సంగతి ఇంకా రమ్యం. ఉష్ణోగ్రత చెప్పాల్సిన పరికరం పలకలేదు. డ్రైవర్ సెకనుపాటు చూసి, ఎర్రర్ కోడ్ చేతిలో పెట్టి వెళ్లిపోతుంది. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీలో నేరుగా రాసే డీఎంఏను ఆపమని మాత్రం ఎవరూ చెప్పలేదు. పిలిచినవాడు బఫర్‌ను వదిలేశాడు, ఆ మెమరీ ఇంకెవరికో దక్కింది. ఇదేమీ తెలియని డీఎంఏ ఆలస్యంగా వచ్చిన ఉష్ణోగ్రతను బుద్ధిగా అక్కడే రాసింది. కొన్ని వారాలకు ఫైల్ సిస్టమ్ పాడైందని ఫిర్యాదు వస్తుంది, ఫైల్ సిస్టమ్ వాళ్లు తల పట్టుకుంటారు. ఈ ఫంక్షన్ మీద రివ్యూలో వచ్చిన ఏకైక వ్యాఖ్య: ఎర్రర్ మెసేజ్ చివర చుక్క అక్కర్లేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు. రివ్యూ చేసేవారి దగ్గర ఆ బోర్డు ఉండదు. చిప్ వివరాలుండే డేటాషీట్ కంపెనీ బీరువాలో ఉంటుంది. ఏ స్టేటస్ బిట్ చదివితే చెరిగిపోతుందో, దేన్ని రాసి చెరపాలో వారికి కలలో కనబడదు కదా! అయితే ప్రోబ్‌లో ఏ లైను ముందో ఏది వెనకో తెలుసుకోవడానికి డేటాషీట్ ఎందుకు అనే పెంకి ప్రశ్న ఒకటి ఉంది. దాన్ని పక్కన పెడదాం.

అలాగని లోతైన చర్చ అసలే జరగదని కాదు. పరికరం డేటా తీగను కిందికి లాగిపట్టుకుని బస్‌ను స్తంభింపజేస్తే, క్లాక్ తీగ మీద తొమ్మిది పల్సులు పంపి విడిపించుకోవాలి. ఎనిమిది బిట్లు, అందిందని చెప్పే ఒక ఆక్, అందుకే తొమ్మిది. కోడ్‌లో వట్టి అంకె ఉండటం మీద తీవ్ర అభ్యంతరం వచ్చింది, అంకెకు పేరునిచ్చే మాక్రో పెట్టమన్నారు. రచయిత పెట్టాడు. మాక్రో పేరు ‘తొమ్మిది’. అందరూ సంతోషించారు. పల్సులయ్యాక తీగ నిజంగా వదిలిందో లేదో చూడాలని ఎవరికీ తోచలేదు.

పదకొండో వెర్షన్ ‘రివ్యూడ్ బై’ ముద్రతో సగౌరవంగా లోపలికి వెళ్లింది. ఆ ఇంటరప్ట్ వరుసను సరిచేస్తూ ఒక కొత్త కుర్రాడు రెండు లైన్ల ప్యాచ్ పంపాడు. అది ఇంకా బయటే ఉంది. ఏ పాత మార్పులోని తప్పును సరిచేస్తున్నారో చెప్పే ‘ఫిక్సెస్’ ట్యాగ్‌లో ఆ మార్పు గుర్తింపు సంఖ్య, కమిట్ ఐడీ, పన్నెండు అక్షరాలుండాలి, అతగాడు పదకొండే రాశాడు.