సీ గ్రూపులో ఎవరున్నారు?

సంక్రాంతి సెలవులు అయిపోయి బడులు తెరిచాక పదో తరగతి వాతావరణమే మారిపోతుంది. పొద్దున్నే ప్రత్యేక తరగతులు, సాయంత్రం స్టడీ అవర్లు, రోజుకో స్లిప్ టెస్టు. చాలా ఉన్నత పాఠశాలల్లో గది గోడమీద ఒక చార్టు కూడా వెలుస్తుంది. స్కెచ్ పెన్నుతో గీసిన మూడు గళ్లు: ఏ, బీ, సీ. మార్కులనుబట్టి ఒక్కో గడి కింద కొన్ని పేర్లు. మొదటిరోజు పిల్లలంతా దాని చుట్టూ మూగుతారు. ఏ గడిలో పేరున్న పిల్ల ఒక్క చూపు చూసి వెళ్లి కూర్చుంటుంది. సీ గడిలో పేరున్న పిల్లవాడు అక్కడే నిలబడి, తనతోపాటు ఇంకెవరున్నారో వెతుక్కుంటాడు. మర్నాటినుంచి అతను కూర్చునే చోటు మారుతుంది. ఆరో తరగతినుంచీ పక్కన కూర్చున్న స్నేహితుడు లోపల ఫ్యాను కింద ఉంటాడు. ఇతను వరండాలో, పాత ప్రశ్నపత్రాల్లోంచి ఏరిన ఇరవై ప్రశ్నలు వల్లె వేస్తుంటాడు.

ఆ చార్టు రాసిన ఉపాధ్యాయులమీద మాకు కోపం లేదు. ఏడింటికే బడికొచ్చి, ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలకు సొంత డబ్బుతో బిస్కెట్లు కొనిపెట్టేవాళ్లు వారిలో ఎందరో ఉన్నారు. ఈ పిల్లవాడు ఎలాగైనా గట్టెక్కాలన్న ఆరాటమే వాళ్లది. కానీ ఫలితాలొచ్చాక సమీక్షలో, ఉత్తీర్ణత శాతం తగ్గిన బడి ప్రధానోపాధ్యాయుడు లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ భయం హెచ్‌ఎం నుంచి సబ్జెక్టు టీచరుకు, టీచరు నుంచి తరగతికి దిగుతుంది. చివరికి బరువంతా మోసేది వరండాలో కూర్చున్నవాడే.

ఇంతకీ సీ గ్రూపులో ఎవరున్నారు? ఆ పేర్ల వెనక ఇళ్లలోకి తొంగిచూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. కర్నూలు జిల్లా పడమటి మండలాలనే తీసుకోండి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు ప్రాంతాల్లో పంట చేతికి రాని ఏడాది కుటుంబాలకు కుటుంబాలే ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకోతలకు కదులుతాయి. ముసలివాళ్లు ఊళ్లో మిగులుతారు. పిల్లలు పెద్దల వెంట వెళతారు. చంటివాళ్లను ఆడించడానికి కొందరు, కాస్త ఎదిగితే కోతకే కొందరు. కళ్లాల పక్కన పట్టలు కప్పిన గుడిసెల్లో వాళ్ల కాపురం. ఎంత కడిగినా వేళ్ల మంట పోదు, ఆ చేత్తో కళ్లు నులుముకోవడానికి లేదు. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నా అవి అందరినీ ఊళ్లో నిలపలేకపోతున్నాయి. తొమ్మిదో తరగతిలో నెలల తరబడి పాఠాలు పోగొట్టుకున్న పిల్లకు పదిలో లెక్కలు అందకపోతే అది తెలివితేటల లోటు ఎలా అవుతుంది? పాలమూరు వలసబాట పట్టిన ఇళ్ల పిల్లల సంగతీ ఇంతే. ఏజెన్సీలో ఇంట్లో కోయ మాట్లాడి, బడిలో తెలుగు విని, పుస్తకంలో ఇంగ్లిషు చదవాల్సిన పిల్లవాడు ఇంకొకడు. పిలిస్తే పలకడని, పొగరని పేరు తెచ్చుకున్న పిల్ల ఇంకొకతె. ఆమెకు ఒక చెవి సరిగా వినపడదని ఎవరూ కనిపెట్టలేదు.

ఒత్తులు వదిలేసి, 'మ' రాయాల్సినచోట 'య' రాసి, పేరా చదవమంటే చెమటలు పట్టే పిల్లలను మనం ఎన్ని తరాలుగా మొద్దులన్నామో. ఆ ఇబ్బందికి పేరుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. దాన్ని వీలైనంత త్వరగా పసిగట్టి, తగిన బోధనతో ఆ ఇబ్బందిని దాటించడం విద్యాసంస్థల బాధ్యతని అదే చట్టం చెబుతోంది. ఆ పని చేయాల్సిన భవిత కేంద్రాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టినవి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాటిలోని రిసోర్స్ పర్సన్లు మండలానికి ఒకరిద్దరే. కదల్లేని పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు చెప్పడం, ఫిజియోథెరపీ శిబిరాలు, ధ్రువపత్రాల పని అన్నీ వాళ్లమీదే ఉన్నప్పుడు, హైస్కూల్లో నోరెత్తకుండా కూర్చున్న పిల్లను గమనించే తీరిక వాళ్లకెక్కడిది?

విశాఖలో నీట్‌కు సిద్ధమవుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెబుతూ దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. అవి కోచింగ్ కేంద్రాలకేనన్న అపోహ చాలామందిలో ఉంది. బడులకూ, హాస్టళ్లకూ, కళాశాలలకూ వర్తిస్తాయి. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలరో, మనస్తత్వ నిపుణుడో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మార్కులనుబట్టి పిల్లలను వేర్వేరు బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలి. ఆ 'వీలైనంతవరకు' అన్న మాటను పట్టుకుని తప్పించుకోవడం ఎవరికీ తగదు. మన గడ్డమీద ఒక బిడ్డ పోయాక వచ్చిన తీర్పు అది. దాన్ని ముందుగా, పూర్తిగా అమలు చేయాల్సినవాళ్లం మనమే. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెబుతోంది. అందరి కారణమూ చదువే కాదు. కానీ వాళ్లలో ఎంతమందికి, మాట చెప్పుకోవడానికి బడిలో ఒక మనిషి దొరికి ఉంటారు?

మరో సంగతి కూడా మమ్మల్ని కలవరపెడుతోంది. పిల్లలను కొట్టడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే ఉత్తర్వుతో నిషేధించింది. ఆ తర్వాత వచ్చిన విద్యాహక్కు చట్టం మానసిక వేధింపును కూడా పేరుపెట్టి నిషేధించింది. అయితే ఆ చట్టం కాపలా 14 ఏళ్ల దాకానే, ఎనిమిదో తరగతి దాకానే. అసలు ఒత్తిడి మొదలయ్యేది తొమ్మిదిలో! మధ్యాహ్న భోజనానికి కేంద్రం పెట్టిన హద్దు కూడా ఎనిమిదో తరగతే. తెలుగు రాష్ట్రాలు అక్కడ ఆగలేదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకూ ఆకలేస్తుందని గుర్తించి సొంత ఖర్చుతో అన్నం పెడుతున్నాయి. అవమానం నుంచి కాపాడే విషయంలోనూ అదే చొరవ చూపాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. కొత్త చట్టమే రావాలని లేదు. విద్యాశాఖ ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చినా చాలు.

మధ్యాహ్నం గంట కొట్టాక అదే బడిని మళ్లీ చూడండి. పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లల్లో ఎవరు ఏ గ్రూపో చెప్పడం కష్టం. గుడ్డు పెట్టే రోజు వంటమ్మ ముందు అందరిదీ ఒకటే తొందర. డ్రిల్లు పీరియడ్ కూడా అలాంటిదే. కబడ్డీ కూతలో దమ్మున్నవాడిని మార్కులెన్నని ఎవరూ అడగరు. పిల్లలంతా ఒక్కటిగా గడిపే ఆ పీరియడే జనవరిలో మొదటగా రద్దవుతుంది! గ్రంథాలయం పీరియడ్ దాని వెంటే పోతుంది. పీఈటీ సారు తన పీరియడ్‌ను లెక్కల సారుకు అప్పగించి స్టాఫ్‌రూములో కూర్చుంటాడు. చాలామంది పిల్లలు ఇంటి గొడవలు చెప్పుకునేది ఆ సారుకే అన్న సంగతి ఏ సమీక్షలోనూ చర్చకు రాదు.

వెనకబడిన పిల్లలకు అదనంగా చెప్పాల్సిందే. అందులో రెండో మాట లేదు. ఎవరికి ఏ పాఠం రాలేదో టీచరు నోటుబుక్కులో ఉంటే చాలు, గోడకెక్కనక్కర్లేదు. బాగా చదివే పిల్లను, తడబడే పిల్లను ఒకే బెంచీలో కూర్చోబెట్టి జంటగా చదివించే ఉపాధ్యాయులు మన బడుల్లోనే ఉన్నారు. వారి అనుభవాన్ని అడిగి తెలుసుకోవాలి. కౌన్సెలర్ల నియామకం ఒక్కరోజులో తేలే పని కాదని మాకూ తెలుసు. తొలి విడతగా మండలానికి ఇద్దరిని నియమించి, ఏ బడికి ఏ వారం వస్తారో నోటీసు బోర్డులో పెట్టవచ్చు. మానసిక ఇబ్బందుల్లో తెలుగులోనూ మాట్లాడే టెలీ మానస్ సహాయ నంబరు 14416ను, పిల్లల సహాయ నంబరు 1098ను ప్రతి తరగతి గదిలో రాయించడానికి సున్నం, కుంచె చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న జరిగిన మెగా పేరెంట్ టీచర్ సమావేశానికి తల్లిదండ్రులు పనులు మానుకుని బడులకు వచ్చారు. అలాంటి సమావేశాల్లో 'మావాడికి ఎన్ని మార్కులొచ్చాయి' అనడిగే తల్లి, 'మావాడు ఎవరి పక్కన కూర్చుంటున్నాడు' అని కూడా అడగాలి.

సమీక్షల్లో ఉత్తీర్ణత శాతంతోపాటు మరో రెండు ప్రశ్నలు వేయాలని జిల్లా విద్యాధికారులకు మా సూచన. ఈ నెలలో ఎన్ని డ్రిల్లు పీరియడ్లు జరిగాయి? బడి మానేసిన పిల్లల ఇళ్లకు ఎవరు వెళ్లి వచ్చారు? ఇక గోడమీది చార్టును తీయడానికి జీవో రావాలా, బడ్జెట్ కావాలా? సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటిరోజు, ప్రార్థన గంట కొట్టకముందే, హెచ్‌ఎం తన చేతులతో దాన్ని తీసేయాలి. వరండాలోని బెంచీలను లోపలికి మోయడానికి పిల్లలు పరుగెత్తుకుంటూ వస్తారు.