సోమవారం కలకత్తా

పెళ్లయిన ఏడేళ్లకి ఇద్దరమే ఎటైనా వెళ్దామని, బరంపురంలో పిల్లని అత్తగారికి అప్పజెప్పి కలకత్తా బయల్దేరాం. టికెట్లు ఆర్‌ఏసీ. ఒకే సైడ్ బెర్తు, రెండు శాల్తీలు, సుమారు 600 కిలోమీటర్లు. ఖుర్దా రోడ్డు దాకా కబుర్లు, ఆపైన కాళ్లెవరు చాపాలన్న తగువు. భద్రక్ దాటాక బండి మూడు గంటలు కదిలితే ఒట్టు. ఎందుకో చెప్పే నాథుడు లేడు.

హౌరాలో దిగేసరికి సంచి అడుగున ఎర్రగా కారుతోంది. ఆవకాయ సీసా! రెండ్రోజులకి ఆవకాయ ఎందుకే అంటే, "మరి అక్కడ ఆవపెట్టిన చేపలు మీరు తింటారేటి?" అని ఎదురుప్రశ్న. నాకున్న ఒక్క తెల్లచొక్కా దాని కిందే ఉంది.

టాక్సీ బేరం ఆవిడ ఒడియాలో, వాడు బెంగాలీలో. ఇద్దరికీ సగం సగం అర్థమైంది, నా పర్సుకి మాత్రం పూర్తిగా అర్థమైంది. 1943 నాటి హౌరా వంతెన మీద ఎంతసేపు నిలబడ్డామంటే రివెట్లు లెక్కపెట్టొచ్చు.

ఇంతా చేసి విక్టోరియా మెమోరియల్‌కి వెళ్తే, సోమవారం మ్యూజియం సెలవట! పోనీ 1814లో పెట్టిన ఇండియన్ మ్యూజియానికి పోదామంటే దానికీ సోమవారమే సెలవు. 1921లో తెరిచిన ఆ విక్టోరియా పాలరాతి మేడని బయటనుంచే చూస్తూ నిలబడ్డాం.

"ఏమండీ, చేతిలో అంత పెద్ద ఫోనుంది కదా, వారం చూసుకోలేకపోయారా?" అంది.

మర్నాడు తిరుగు ప్రయాణం. అదీ ఆర్‌ఏసీయే.