పదిహేడు ఎనిమిదులు

"పదిహేడు ఎనిమిదులు ఎంత పాపా?"

నిన్న గృహప్రవేశంలో, పంక్తి మధ్యలో, విస్తట్లో వడ సగం కొరికి కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్లను అడిగిన ప్రశ్న ఇది. అడిగింది మా పెద్దమామ. మా మామగారి అన్న. ఇల్లు ఆయన రెండో కొడుకుది కాబట్టి నిన్న ఆయన ఏమడిగినా చెల్లుతుంది.

మా పాప కుడిచెయ్యి అన్నంలో ఉంది. ఎడమచేతి వేళ్ళు ముడుస్తా "పది ఎనిమిదులు ఎనభై, ఏడు ఎనిమిదులు యాభై ఆరు" అని లోపల్లోపల అనుకుంటోంది. ఇంతలో ఎదురు పంక్తిలోంచి ఆయన మనవడు "వన్ థర్టీ సిక్స్!" అని కేకేశాడు. చప్పట్లు. మా పాప కూడా చెప్పింది, నూట ముప్పై ఆరు అని. ఆ చప్పట్లలో ఎవరికి వినపడుతుంది?

"ఏం అల్లుడూ, ఆ రేకుల షెడ్డు బళ్ళో ఎక్కాలు చెప్పరా? చెట్టు కింద కూర్చోబెట్టి కోళ్ళు లెక్కబెట్టిస్తారంట కదా?"

పంక్తి పంక్తంతా నవ్వింది. సాంబారు బకెట్టు పట్టుకున్న పిల్లోడు కూడా ఆగి మరీ నవ్వినాడు. అంతటితో వదిలితే పెద్దమామ ఎందుకవుతాడు? "నువ్వూ ఐఐటీ ఐఐటీ అని బెజవాడ పోయినోడివే. మోటార్లు చుట్టుకుంటుండావు. బిడ్డనన్నా మంచి బళ్ళో వెయ్యప్పా."

రాత్రి నిద్ర లేదు. పొద్దున అంగడి తెరిచి, ఏడున్నర హెచ్‌పీ బోరు మోటారు విప్పి, కాలిపోయిన కాయిల్ సగం లాగి, దాన్ని అట్టే పడేసి ఇది రాస్తున్నా. మోటారు రైతు వచ్చి తిడతాడు. తిట్టనీ.

బడి సంగతి ముందు చెప్పాలి. మదనపల్లె నుంచి పన్నెండు కిలోమీటర్లు. పేరు రాయను. రాస్తే రేపు ఎవరో ఒకరు పోయి ఫైర్ ఎన్‌ఓసీ చూపించండి అంటారు. 74 మంది పిల్లలు, ఆరుగురు టీచర్లు, ఏడో తరగతి దాకా. అవును, రేకుల షెడ్డే. ఎండాకాలం రేకు కాలితే క్లాసు వేపచెట్టు కిందికి మారుతుంది. కంప్యూటర్లు రెండు, అందులో ఒకటి పోయింది. హిందీ టీచరు పెళ్ళయి పోయింది, ఇంకా ఎవరూ దొరకలేదు. ఫీజు మూడు కంతులు. టమోటా రేటు పడిపోయిన నెలలో మేడం అడగను కూడా అడగదు, అందుకే ఆ రెండో కంప్యూటరు ఎప్పటికీ బాగుపడదు. ఇవన్నీ నాకు తెలుసు మామా, మీరు చెప్పనక్కర్లేదు.

మీకు తెలియంది చెప్తా. మా పాపకు రెండో తరగతి అయిపోయినా వత్తులు చదవడం రాలేదు. "అన్నం" చూసి "అనం" అనేది. మేడం నన్ను పిలిచి కంప్లైంట్ చేయలేదు. రోజూ మధ్యాహ్నం తిండి తిన్నాక ఇరవై నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుంది. పుస్తకం కాదు. బస్సు బోర్డులు, మండీ రసీదులు, చివరికి మా అంగడి బిల్లు బుక్కు. "నీకు తెలిసిన పేర్లే చదువు" అని. మూడు నెలలు పట్టింది. ఇప్పుడు పాప నా అంగడి బోర్డులో "రివైండింగ్"కి దీర్ఘం లేదని నాకే తప్పు చూపిస్తుంది. పెయింటర్‌కి మళ్ళీ డబ్బులివ్వాల.

ఇంకో పిల్లోడున్నాడు. వాళ్ళమ్మ కువైట్ పోయింది, ఇంటిపనికి. మా వైపు ఇది ఎవరికీ కొత్త కాదు, ఊరికి పది ఇళ్ళు అట్లా ఉన్నాయి. వాడు మాటలు మానేశాడు, తరవాత డబ్బా తెరవడం మానేశాడు. మేడం వాడికి బెల్లు కొట్టే డ్యూటీ ఇచ్చింది. గంట గంటకీ వాడు లేవాలి, గడియారం చూడాలి, కొట్టాలి. వాళ్ళమ్మకు తీరిక శుక్రవారమే, అక్కడ సెలవు. మనకు అది బడి రోజు. అందుకని శుక్రవారం పదకొండున్నరకు, లెక్కల క్లాసు నడుస్తున్నా సరే, మేడం ఫోను వాడి చేతికి పోతుంది. పావుగంట. వాడు వేపచెట్టు వెనకాల నిలబడి మాట్లాడి, కళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చుంటాడు. ఎవరూ ఏమీ అడగరు. ఈ "ఫెసిలిటీ" మీ మనవడి ఐఐటీ ఫౌండేషన్ బడి బ్రోచర్లో ఏ పేజీలో ఉంది మామా? ఏసీ క్లాస్‌రూమ్ తర్వాతా, స్విమ్మింగ్ పూల్ బొమ్మకు ముందా? ఆ పూల్‌లో నీళ్ళుండగా చూసినోళ్ళు ఉంటే కామెంట్ పెట్టండి.

చెట్టు కింద చదువంటే నవ్వినారు కదా. నవ్విన ఊరేదో తెలుసా? మదనపల్లె. 1919లో టాగోర్ వచ్చి మన బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉండి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఈ ఊళ్ళోనే. ప్రతి ఆగస్టు పదిహేనుకూ మైకులో అది చెప్పి మీసం మెలేస్తాం. ఆయన 1901లో శాంతినికేతన్‌లో పెట్టిన బడిలో పిల్లలు ఎక్కడ కూర్చున్నారు? చెట్ల కింద. టాగోర్ చెట్టయితే సంస్కృతి, మా మేడం చెట్టయితే కోళ్ళు.

అక్కడితో అయిందా? జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఇక్కడే. ఆయన రిషివ్యాలీ బడికి దేశం నలుమూలల నుంచి పిల్లలొస్తారు, మనం ఆ దారిన హార్స్‌లీ కొండకు పిక్నిక్ పోతాం. ఆ బడివాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బళ్ళు నడిపారు. ఒకటే గది, ఒకటే టీచరు, అన్ని తరగతుల పిల్లలూ కలిసి. పాఠాలన్నీ కార్డులు. గోడ మీద నిచ్చెన బొమ్మ. ఎవరి మెట్టు వాళ్ళు చూసుకుని, ఆ కార్డు తీసుకుని, అది వచ్చాకే పై మెట్టు. పక్కోడు నాలుగు మెట్లు పైనున్నా వాడికి చప్పట్లు లేవు, కిందున్నోడికి నవ్వులు లేవు. తమిళనాడు వాళ్ళు ఆ పద్ధతి పట్టుకుపోయి వేల సర్కారు బళ్ళలో పెట్టుకున్నారు. మా మేడం బళ్ళోనూ లెక్కలు ఇట్లాంటి కార్డులతోనే. సరిహద్దు దాటి కోలారు జిల్లా రాయల్పాడు వైపు పోతే, డేవిడ్ హార్స్‌బర్గ్ అనే ఇంగ్లీషాయన 1972లో నీల్‌బాగ్ అని బడి పెట్టినాడు. పరీక్షల్లేవు, వడ్రంగం ఉంది. ఇవన్నీ మన పెరట్లోవే. పెరటి చెట్టు మందుకు పనికిరాదు, బెజవాడ నుంచి లారీలో రావాల మందు.

నాకు మోటార్లే తెలుసు, మోటార్లతోనే చెప్తా. మూడు హెచ్‌పీకి ఒక గేజి తీగ, పదికి ఇంకో గేజి. స్లాటుకు, అంటే తీగ పట్టే గాడికి, ఎన్ని చుట్లో దానికీ లెక్కుంది. సన్న తీగ చుడితే వేడెక్కి కాలుతుంది, లావు తీగ స్లాటులోనే పట్టదు. ఏ మెకానిక్కూ "నా అంగట్లో అన్నిటికీ ఒకటే తీగ, అదే మా డిసిప్లిన్" అని బోర్డు పెట్టడు. పెడితే రైతులు కొడతారు. పిల్లల బడికి ఆ బోర్డు పెడితే లక్ష కట్టి లైన్లో నిలబడతారు. ఒకటో తరగతికి ఎంట్రన్స్ టెస్టంట! అడ్మిషన్‌కి పిల్లలను వడగట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 13లో రాసుంది. సెక్షన్ 17 కొట్టొద్దనే కాదు, మానసికంగా వేధించొద్దని కూడా అంటుంది. గృహప్రవేశాలకు వర్తించదేమో, లాయర్లెవరన్నా చెప్పండి.

ఆ మనవడి మీద నాకేం కోపం లేదు. అన్నాలయ్యాక నా పక్కకొచ్చి "మామా, మనం ఇంటికెప్పుడు పోతాం? రేపు ఎగ్జాముంది" అని అడిగినాడు. అది వాళ్ళ ఇల్లే. కొత్తది కాబట్టి గుర్తు రాలేదేమో. మూడుసార్లు అడిగినాడు.

సరే, "బెజవాడ పోయినోడివే" అన్నారు కదా. పోయినాను. 2003లో, ఎంపీసీ. నాయన మామిడితోట రెండేళ్ళ కాపు ముందే గుత్తకిచ్చి ఆ డబ్బు కట్టినాడు. గదికి పద్నాలుగు ట్రంకుపెట్టెలు. పొద్దున ఐదుకు స్టడీ అవర్. వారం వారం పరీక్ష, మార్కులు తగ్గితే సెక్షన్ మారుతుంది, సెక్షన్‌తో పాటు పరుపు కూడా మోసుకుని ఇంకో అంతస్తుకు పోవాల. రెండేళ్ళలో పరుపు ఆరుసార్లు మోసినా, పైకి ఒక్కసారి, కిందికి ఐదుసార్లు. అక్కడ నాకు పేరు లేదు. 4117. ఇట్లాంటి కాలేజీల్లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని 2001లోనే నీరదారెడ్డి కమిటీ వేసింది ప్రభుత్వం. మా నాయనకు ఆ కమిటీ తెలీదు. తెలిసినోళ్ళు మాత్రం ఏం చేసినారు? ప్రతి రిజల్ట్‌కీ పేపర్లో ఒకటి ఒకటి రెండు రెండు అని పాటలాగా చదువుకుంటానే ఉన్నారు.

మొదటి సంవత్సరం నవంబరులో మా అవ్వ పోయింది. నన్ను పెంచింది ఆమే. అమ్మ పొలం పోతే సంగటి ముద్ద ఊరిబిండిలో అద్ది నోట్లో పెట్టేది. బుధవారం పోయింది. నాయన అదే రోజు ఎస్టీడీ బూతు నుంచి ఆఫీసుకు ఫోన్ చేసినాడు. "మేం చెప్తాం, మీరు కంగారు పడొద్దు. ఆదివారం గ్రాండ్ టెస్టుంది, అబ్బాయి ఫోకస్ పోతుంది" అన్నారంట. నాకు చెప్పింది ఆదివారం మధ్యాహ్నం. పరీక్ష రాసి వస్తుంటే మెట్ల మీద వార్డెన్ ఆపి, చేతిలో లిస్టు చూసుకుని, "4117, మీ గ్రాండ్ మదర్ ఎక్స్‌పైర్డ్. వెడ్నెస్డే" అన్నాడు. అప్పటికి మట్టి చేసి, మూడోనాడు పాలు పోసేది కూడా అయిపోయింది. ఆ పరీక్షలో ఫిజిక్స్‌లో నాకు మంచి మార్కులే వచ్చినాయి. ఆ వారం పరుపు పైకి మోసినా. ఆ ఒక్కసారే.

నాయన తప్పని ఎప్పుడూ అనలేదు. ఈ రోజు అంటా. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెజవాడ. ఎక్కొచ్చు కదా నాయనా? గేటు దగ్గర నిలబడి "నా కొడుకుని పంపండి, వాళ్ళవ్వ పోయింది" అని ఒక్క మాట అరవొచ్చు కదా? లక్షలు తీసుకున్నోడు చెప్పినాడు కాబట్టి వాడికే ఎక్కువ తెలుసనుకున్నావు. ఆయనకు ఫేస్‌బుక్ లేదులే, చదవడు. మా తమ్ముడు చదువుతాడు. చదివి వినిపించొద్దురా.

తర్వాత ఎంసెట్‌లో ఐదంకెల ర్యాంకు వచ్చింది. రెండేళ్ళ మామిడికాయలు ఎవరో తిన్నారు, నేను మోటార్లు చుడుతుండా. అది అవమానమని నాకు తెలియదు, నిన్న పెద్దమామ చెప్పేదాకా. ఆయన బోరు మోటారు రెండుసార్లు చుట్టింది నేనే. రెండోసారి డబ్బులు ఇంకా రాలేదు, అది వేరే సంగతి.

ఇంత రాసినాక ఆపేద్దామనుకున్నా. పదకొండుకు మేడం ఫోన్ చేసింది.

"పాప ఈరోజు లెక్కల కార్డు తీసుకోనంటోంది సార్. ఇష్టమైన కార్డే, అయినా ముట్టుకోలేదు. బెల్లు కొట్టే అబ్బాయి పక్కన పోయి కూర్చుంది. ఇంట్లో ఏమన్నా జరిగిందా?"

జరిగింది చెప్పినా. చెప్తుంటే నాకు మళ్ళీ కోపం వచ్చింది, పెద్దమామను ఫోన్లోనే నాలుగు తిట్టినా. ఆమె అంతా విని ఒకటే అడిగింది. "పాప చెప్పిన జవాబు కరెక్టే కదా సార్?"

కరెక్టే.

"ఆ మాట అక్కడ ఎవరన్నా పాపతో అన్నారా?"

ఎవరూ అనలేదు. అందరూ నవ్వుతున్నారు కదా, పంక్తిలో ఒక్కడినే మొహం ముడుచుకుంటే బాగుండదని నేనూ నవ్వినా. పాప నా వైపు చూసింది. నవ్వుతూనే ఉన్నా. దారిలో బండి మీద కూడా అనలేదు, ఇంటికొచ్చినాక కూడా అనలేదు. పెద్దమామకు ఏం చెప్పాల్సిందో రాత్రంతా మంచం మీద దొర్లుతా తయారు చేసుకున్నా గానీ, పక్క మంచం మీదున్న పిల్లకు ఆ రెండు ముక్కలు చెప్పడం నాకు తోచలేదు.

మోటారు రైతు వచ్చి బయట నిలబడి ఉన్నాడు. కాయిల్ ఇంకా సగమే లాగింది. సాయంత్రానికి ఇస్తానని చెప్పి షట్టరు దించి బడికి పోతున్నా. లంచ్ బెల్లు పన్నెండున్నరకు.